ఉప్పూ నీరూ వేడీ

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
దేవీ నవరాత్రులు, తదియ

జ్యోతీ,

శ్రీకూర్మనాథుడు నిన్నూ నీ హాస్టల్ పిల్లల్నీ చల్లగా చూడాలి.

మన రమణ కంటి సంగతి ఫోన్‌లో నీకు సగమే చెప్పాను. ఈ క్వార్టర్‌లో ముందు గదిలో అన్న మాట వంటింట్లో వినిపిస్తుంది. ఉత్తరమైతే ఆ భయం లేదు. రమణా సౌభాగ్యా హిందీ బడిలో చదివారు. వాళ్ళ మైత్రి పదో తరగతికి వచ్చినా తెలుగులో తన పేరు రాయడమే గగనం. అమ్మమ్మ ఊళ్ళో చదివిన నువ్వూ, అమ్మ దగ్గర కూడబలుక్కున్న నేనూ తప్ప మన ఇంట్లో ఈ అక్షరాలు ఎవరికీ పట్టవు.

ఆ ఉదయం రోజూలాంటిదే. యార్డులో షంటింగ్ ఇంజిన్ కూత వేసింది, లేచాను. కొళాయి నీళ్ళు పట్టాను. మందారాలు కోశాను. పక్క క్వార్టర్ శివాజీ భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. మరదలు సౌభాగ్య సంచీ తీసుకుని కూరలకి బుధవారీ బజార్ వెళ్ళింది. రమణ రాత్రంతా బొగ్గు గూడ్సు నడిపి అప్పుడే వచ్చాడు. యూనిఫాం విప్పకుండానే మెట్టు మీద కూర్చుని టీ తాగాడు.

పండక్కి తులసికోటకి సున్నం వెయ్యమని ముందు నుంచీ అడుగుతున్నాను. "అక్కా, నీ తులసమ్మకి ఈ ఏడు డిస్టెంపర్ కొట్టేద్దాం, మెరిసిపోద్ది" అన్నాడు. నాకు సున్నమే కావాలన్నాను. "అచ్ఛా, హుకుం" అని లేచాడు. మైత్రి వంటింట్లో తన టిఫిన్‌కి నిమ్మకాయ పులిహోర కలుపుకుంటోంది. పోపు వాసన పూజ దగ్గరికి వచ్చింది. నేను హారతి వెలిగించాను.

నిరుటి సున్నం కొంచెం మిగిలి ఉంటే కోటకి ఒక పక్క పూశాడు. చాలలేదు. కొత్త రాళ్ళు ముందు రాత్రే నానాలి. వాడికి అంత తీరిక లేదు. డబ్బాలో రాళ్ళు పోసి, చెంబుడు నీళ్ళు ఒకేసారి కుమ్మరించాడు. కుతకుతా ఉడికిన చప్పుడు నాకు వినిపించింది. గడ్డ విరగ్గొట్టడానికి కర్రతో వంగాడు. చిమ్మి కుడి కంట్లో పడింది.

హారతి పళ్ళెం కింద పెట్టి వెళ్ళాను. వాడి తల కొళాయి కింద పట్టుకున్నాం. శివాజీ ఆటో తెచ్చాడు.

నల్లగుడ్డు కాలి మసక పట్టిందన్నారు డాక్టరు. చుక్కల మందు వేస్తున్నాం. కొన్ని నెలలు ఆగి పరీక్ష పెడతారట. దూరంగా బోర్డు మీద ఉన్న అక్షరాలు ఆ కంటితో చదవగలిగితేనే మళ్ళీ ఇంజిన్ ఎక్కనిస్తారు. లేకపోతే ఇంకేదో కుర్చీ చూపిస్తారు. అగ్గిపెట్టెలు దారానికి కట్టి ఇల్లంతా లాగిన పిల్లవాడు వాడు. నీకు తెలుసు కదా.

ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళు. సూర్యనారాయణస్వామికి వాడి పేరు చెప్పు.

మంగక్క


గురుకుల పాఠశాల, సీతంపేట
దీపావళి ముందు

మంగక్కా,

అరసవల్లి వెళ్ళాను. అన్నయ్య పేరూ గోత్రమూ చెప్పి అర్చన చేయించాను. ప్రసాదం కవరులో పెట్టి పంపుదామంటే చీమలు పడతాయని భయపడి నేనే తినేశాను. పుణ్యం వాడికే వెళ్ళిందనుకో.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న అన్నయ్యతో మాట్లాడాను. ఎప్పటిలాగే నవ్వులు. "ఏటే సైన్సు టీచరూ, కంట్లో నిమ్మకాయ పిండుకున్నా కూడా సున్నం విరగలేదేటి?" అన్నాడు. డాక్టరుకి కూడా అలాగే చెప్పాడట, తనే పిండుకున్నానని.

నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అందులో నిమ్మకాయ పులిహోరలోనే ఉంది. సున్నం పడి కన్ను తెరవలేనివాడు వంటింట్లోకి నడిచి, నిమ్మకాయ వెతికి, కోసి, తన కంట్లో తనే పిండుకున్నాడా? నన్ను ఇది నమ్మమంటావా?

ఎందుకింత అడుగుతున్నానంటే, సున్నం ఘాటైన క్షారం. కంటికి అంటుకుని లోపలికి తింటూ పోతుంది. దానికి మందు ధారగా నీళ్ళు, ఆగకుండా నీళ్ళు, అంతే. నిమ్మరసం ఆమ్లం. రెండూ సీసాలో కలిస్తే ఒకదాన్నొకటి అణచుకుంటాయి, ఉప్పూ నీరూ మిగులుతాయి. కంట్లో కలిస్తే అక్కడే వేడి పుడుతుంది. కాలిన చోట ఇంకో మంట. నీళ్ళు పొయ్యాల్సిన మొదటి క్షణాలు కూడా పోతాయి. ఏటా తొమ్మిదికీ పదికీ నేను చెప్పే పాఠమే ఇది.

ఎవరు పోశారక్కా? వదిన ఇంట్లో లేదన్నావు. నువ్వు హారతిలో ఉన్నావు.

ఇంకో మాట. మైత్రి ఆదివారాలు నా ఫోన్ ఎత్తడం లేదు. పరీక్షలని వదిన అంటోంది. దసరా సెలవుల్లో కూడా పరీక్షలేనా?

నీ జ్యోతి


రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
కార్తీక సోమవారం

జ్యోతీ,

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాయను. నిమ్మరసం పడిందని డాక్టరుకి తెలుసు. చెయ్యి ఎవరిదైనా మందు ఒకటే.

కన్ను ఎర్రదనం తగ్గింది. మసక తగ్గలేదు. టీ కప్పులో పడక పక్కన పోసుకుంటున్నాడు. పొడి గుడ్డతో తుడిచేసి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తాడు. నేను దీపం వైపు తిరుగుతాను. మొన్న హారతి అద్దుకోమని కుడి పక్క నుంచి పళ్ళెం తీసుకెళ్ళాను. చూడలేదు. మోచెయ్యి తగిలి కర్పూరం నేల మీద పడింది.

తులసికోట ఆ రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఒక పక్క తెలుపు, మిగతా మూడు పక్కలా పాత నాచు. నేను అడగను. ఎవరూ ముట్టరు. ఇంట్లోకి నిమ్మకాయ కూడా రావడం లేదు. వద్దని ఎవరూ అనలేదు.

నిన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. రాయకుండా ఉందామనుకున్నాను. నాలుగు సోమవారాలుగా మనసులో తిరుగుతోంది.

శివాజీ కూడా లోకో పైలటే కదా. ఒక సాయంత్రం వచ్చి రమణ పక్కన కూర్చున్నాడు. పరీక్ష బోర్డు తాము ఎన్నిసార్లు చూడలేదని, వరసలు కంఠస్థం చేసుకుంటే కన్ను చూసినా చూడకపోయినా నోరు చదివేస్తుందని అన్నాడు. చెడ్డవాడు కాదు. తోటివాడు ఇంజిన్ దిగిపోతాడని బాధ. ఆ మర్నాడే రమణ ఆ వరసలు కేలండర్ వెనక పెద్దక్షరాలతో రాయించి గోడకి కట్టాడు. రోజూ సాయంత్రం ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని కూర్చుంటాడు. మైత్రి పుల్ల పట్టుకుని ఒక్కో అక్షరం చూపిస్తుంది. వాడు తడుముకోకుండా చెబుతాడు.

బాగా చదువుతున్నాడు. చూసి చదవడం లేదు.

ఆ కంటితో గూడ్సు ఎలా నడుపుతావురా అని ఒకసారి అడగబోయాను. సౌభాగ్య గరిటె పక్కన పెట్టి, "సున్నం కావాలన్నవాళ్ళు ఇప్పుడు మాట్లాడక్కర్లేదు వదినా" అంది. నిజమే. కావాలన్నది నేనే. లోపలికి వెళ్ళి ఆదిత్యహృదయం చదువుకున్నాను.

పిల్ల నవ్వడం మానేసింది. స్కూల్లో సైన్స్ పరీక్షలో కెమిస్ట్రీ భాగమంతా తెల్లగా వదిలేసిందని టీచరు పిలిపించింది. పదకొండులో కామర్స్ తీసుకుంటానంటోంది. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

మంగక్క


గురుకుల పాఠశాల, సీతంపేట
మార్గశిరం, మొదటి లక్ష్మివారం

అక్కా,

నాకు తెలిసిపోయింది. నువ్వు రాయకపోయినా తెలిసింది. అందుకే రాయలేదని కూడా తెలిసింది.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం మైత్రికి ఫోన్‌లో ఆ పాఠం చెప్పాను. దాని పుస్తకం ఇంగ్లీషు, దాని మాట హిందీ, నా పాఠం తెలుగు. గుంటకి బుర్రకెక్కడం లేదు. సరే, చేసి చూడమన్నాను. కాగితానికి పసుపు ముద్ద రాసి ఆరబెట్టించాను. దాని మీద నీ తాంబూలం సున్నం చుక్క పెట్టించాను. ఎర్రగా మారింది. అదే చోట నిమ్మరసం పిండించాను. మళ్ళీ పసుపు. "చిన్నత్తా, మేజిక్" అని అది ఒకటే నవ్వు. వీడియోలో వంటింటి కిటికీకి ఆ కాగితాలు అంటించి చూపించింది. అప్పుడు నేను అన్నాను, "చూశావా, నిమ్మకాయ ఉంటే సున్నం మనల్ని ఏటీ చెయ్యలేదే" అని.

అన్నాను అక్కా. ఆ మాటలే.

ఉప్పూ నీరూ వస్తాయని చెప్పాను. వేడి కూడా వస్తుందని చెప్పలేదు. వచ్చే వారం చెబుదామనుకున్నాను. హాస్టల్లో నీళ్ళు వచ్చే వేళ అయింది, బట్టలు నానబెట్టి ఉన్నాయి, ఫోన్ పెట్టేశాను. క్లాసులో అయితే పదిసార్లు చెబుతాను, ఒంటి మీద ఏది పడినా ముందు నీళ్ళే, తెలివితేటలు తరవాత అని. ఇంటి పిల్లకి చెప్పలేదు.

అది నాన్న కేక విని, చేతిలో ఉన్న నిమ్మచెక్కతోనే పరిగెత్తి ఉంటుంది. నేను చెప్పిందే చేసింది. వాడు దాన్ని కాయడానికి తనే పోసుకున్నానన్నాడు. నువ్వు దాన్నీ నన్నూ కాయడానికి వదిన మాటలు పడుతున్నావు. ఇప్పుడు పాపం ఆ పిల్ల, తన వల్ల పోయిన కన్ను తనే తెచ్చిపెట్టాలని రోజూ పుల్ల పట్టుకుని నిలబడుతోంది.

వాడు నిజంగా ఇంజిన్ ఎక్కేస్తే? కుడి పక్క ఎవరో పట్టాలు దాటుతుంటే? నీ కర్పూరమే కనిపించనివాడికి మనిషి కనిపిస్తాడా?

ఈ ఉత్తరం అందరినీ కూర్చోబెట్టి చదువు. మైత్రికి హిందీలో చెప్పు. తప్పు నాదని వదినకి తెలియాలి. అన్నయ్య పరీక్షకి వెళ్ళకముందే చదువు.

జ్యోతి


రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
పుష్యమాసం

జ్యోతీ,

ఉత్తరం అందింది. చదవలేదు వాళ్ళకి. లక్ష్మీదేవి పటం వెనక పెట్టాను.

నువ్వు ఊహించింది నిజం. నేను వెళ్ళేసరికి పిల్ల చేతిలో చెక్క ఉంది. లాక్కుని కాలవలోకి విసిరేశాను. ఆటోలో రమణ దాని మణికట్టు పట్టుకుని, ఎవరికీ చెప్పకన్నాడు. నాకూ అదే చెప్పాడు.

తప్పు నీదని నువ్వు చెప్పేస్తే నీకు తేలిక. కానీ ఆ చెయ్యి ఎవరిదో కూడా అందులోనే బయటపడుతుంది. తల్లి ముందు ఆ మాట నా నోట రాకూడదు. అది దాని నోట రావాలి. సౌభాగ్య కోపంలో ఒక మాట అంటే నేను పడగలను. పదహారేళ్ళది పడలేదు.

పరీక్ష రథసప్తమి మర్నాడని కబురొచ్చింది. వేళ కోసం చూస్తున్నాను.

మంగక్క


గురుకుల పాఠశాల, సీతంపేట
భోగి మర్నాడు

అక్కా,

ఎప్పుడూ నీ ముందు గొంతెత్తలేదు. అమ్మ పోయాక మా ఇద్దరికీ అన్నం పెట్టిన చెయ్యి నీది. ఇప్పుడు ఎత్తుతున్నాను.

దేవుడి పటం వెనక పెట్టిన ఉత్తరం ఇంజిన్‌ని ఆపదు. నువ్వు వేళ కోసం చూస్తుంటే వాడు వరసలు వల్లె వేస్తున్నాడు. వాడు పాసైతే ఏమవుతుందో నీకు తెలుసు. తెలిసి ఊరుకుంటే అది పిల్లని కాయడం ఎలా అవుతుంది? రేపు వాడి చేతిలో ఎవరికైనా ఏదైనా అయితే, ఆ బరువు కూడా మైత్రి మీదే పడదా?

రథసప్తమి సాయంత్రానికి నీ దగ్గర నుంచి ఏ మాటా రాకపోతే ఆ రాత్రే రైలెక్కి వచ్చేస్తాను. వచ్చి వీధి గుమ్మంలోనే చెప్పేస్తాను.

జ్యోతి


రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
రథసప్తమి

జ్యోతీ,

రైలెక్కక్కర్లేదని ఇందాక ఫోన్‌లో చెప్పాను కదా, మిగతాది ఇది. నీ కోపం నాకు పనికొచ్చింది.

ఈ ఉదయం జిల్లేడాకులు నేనూ మైత్రీ పెట్టుకుని తలస్నానం చేశాం. రమణకి ఆకు పెట్టలేదు. దాని పాలు కంటికి మంచివి కావు. వట్టి రేగిపండు తల మీద పెట్టి నీళ్ళు పోశాను. సూర్యుడు ఏమీ అనుకోడు. పిల్ల అది గమనించింది. "పెద్దత్తా, రూల్ మార్చేశావా?" అంది. ఎన్నాళ్ళకో ఒక మాట. మార్చానన్నాను.

మధ్యాహ్నం సౌభాగ్య కునుకు తీస్తుంటే మైత్రిని తులసికోట దగ్గరికి పిలిచాను. పటం వెనక ఉత్తరం తీసి చదివాను. అర్థం కానిచోట హిందీలో చెప్పాను. తల వంచుకుని వింది. నువ్వు బట్టల కోసం ఫోన్ పెట్టేశావన్నచోట తల ఎత్తింది. "హీట్ కూడా వస్తుందా? చిన్నత్త చెప్పలేదు" అంది. చెప్పలేదనే ఇందులో రాసింది అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోటకి సున్నం ఆగిన గీత మీద వేలితో రాస్తూ చాలాసేపు కూర్చుంది. నేను ఏం చెయ్యమనీ అనలేదు.

సాయంత్రం దీపం పెట్టాక రోజూలాగే పాఠానికి కూర్చున్నారు. రేపే పరీక్ష కాబట్టి సౌభాగ్య కూడా పీట వేసుకుని కూర్చుంది. రమణ ఎడమ కన్ను మూసుకున్నాడు. మైత్రి పుల్ల పెట్టింది. వాడు మొదటి వరస చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోది చెప్పాడు, ఇంకా హుషారుగా. సౌభాగ్య ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. లేచి గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. నేనూ చూశాను.

పాత కేలండర్ లేదు. అదే చోట అదే కొలతలో కొత్త కాగితం ఉంది. అక్షరాలన్నీ వేరు. వాడు చెప్పినదానిలో ఒక్కటి కూడా ఆ కాగితం మీద లేదు.

"ఏవండీ, ఎడమ కన్ను తెరవండి" అంది సౌభాగ్య. వాడు తెరిచాడు. చూశాడు. చెయ్యి మోకాలి మీదకి జారిపోయింది.

మైత్రి పుల్ల కింద పెట్టలేదు. అది పట్టుకునే తల్లి వైపు తిరిగి చెప్పింది. "నీంబూ నేనే వేశా మమ్మీ. పాపా వేసుకోలేదు. నాకు పానీ వెయ్యాలని తెలీదు."

సౌభాగ్య ఏమంటుందోనని నా గుండె నామం మరిచింది. రమణ కాగితం వంక చూస్తూనే అన్నాడు, తన కన్ను బాగైతే పిల్ల మీద ఏ బరువూ మిగలదనుకున్నానని. మైత్రి అంది, తనూ అందుకే పుల్ల పట్టుకున్నానని. నేను నీ ఉత్తరం తీసి, పాఠం సంగతి ఉన్న ముక్క సౌభాగ్యకి చదివాను. తప్పు నీ చిన్నాడపడుచు తన మీద వేసుకుంటోందన్నాను.

సౌభాగ్య అందరినీ ఒకసారి చూసింది. "ఇన్నాళ్ళూ వదినని అన్నేసి మాటలన్నాను. అందరికీ తెలిసి ఒక్కరు కూడా నా నోరు ఆపలేదేటి?" అంది. ఆ తరవాత కూతురి చేతిలో పుల్ల తీసుకుంది. కొడుతుందేమోనని రమణ లేచాడు. పుల్లని విరిచి పొయ్యి పక్కన పడేసి, పిల్ల తలని గుండెకి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది మైత్రి. ఆ రోజు నుంచి రావాల్సిన ఏడుపంతా అప్పుడొచ్చింది.

భోజనాలు అక్కడే నేల మీద చేశాం. తింటూ మాట్లాడుకున్నాం. రమణ ముద్ద కలిపి పళ్ళెంలోనే వదిలేశాడు. ఇంజిన్ పోతుందని అనుకోవడం వేరు, పళ్ళెం ముందు కూర్చుని ఒప్పుకోవడం వేరు. నేను వడ్డించానే గాని తినమని బలవంతపెట్టలేదు. చివరికి వాడే చెప్పాడు. రేపు ఆ కంటికి కనిపించింది మాత్రమే చదువుతాడు. కనిపించకపోతే కనిపించలేదనే చెబుతాడు. డ్యూటీలు వేసే లాబీలో కూర్చోమన్నా, షెడ్డులో పెట్టినా వెళ్తాడు. శివాజీకి కూడా ఈ మాట తనే చెబుతాడు. సౌభాగ్య రేపు వాడితో వెళ్తుంది. కుడి పక్కన నడుస్తానంది.

మైత్రి కామర్స్ మాట వెనక్కి తీసుకుంది. నువ్వు ఈ ఆదివారం ఫోన్ చెయ్యాలి, ఆపేసిన చోటి నుంచే చెప్పాలి. బట్టలు ముందే ఉతుక్కోమని చెప్పమంది.

తులసికోట మిగతా మూడు పక్కలూ పౌర్ణమికి పూర్తి చేస్తాం. రాళ్ళు ముందు రాత్రే సౌభాగ్య నానబెడుతుంది. పక్కన నిండు బకెట్ నీళ్ళు పెట్టుకుని కూర్చోవడం మైత్రి పని.

మంగక్క